మోరిస్ మైనర్ 948 సీసీ ఇంజన్ పార్ట్స్: బండి పేరు కొట్టి వెతికితే ఏదీ సరిగ్గా దొరకట్లేదు, ఎలా వెతకాలి?

షెడ్డులో_బండి

అందరికీ నమస్తే. మోరిస్ మైనర్ 1000 (పాత బ్రిటిష్ కారు) ఒకటి రిస్టోర్ చేస్తున్నా, నాలుగు డోర్ల మోడల్. బాడీ పని ఒక కొలిక్కి వచ్చింది, ఇప్పుడు ఇంజన్ దగ్గర ఇరుక్కుపోయా. ఏళ్ల తరబడి కదలకుండా ఉండేసరికి ఇంజన్ జామ్ అయింది, ప్లగ్గులు తీసి బోర్లలో ఆయిల్ పోసి బాగా నానబెట్టాక గానీ క్రాంక్ తిరగలేదు. విప్పి చూస్తే మూడో సిలిండర్లో తుప్పు గుంటలు పడ్డాయి, ఆ పిస్టన్ రింగులు గాడిలోనే అతుక్కుపోయి తీస్తుంటే ముక్కలయ్యాయి, రెండు బిగ్ ఎండ్ జర్నల్స్ (పిస్టన్ని క్రాంక్‌కి కలిపే కాన్‌రాడ్ కింది చివర క్రాంక్ మీద తిరిగే చోట్లు) మీద గోరు ఆనిస్తే తగిలేంత గీతలు ఉన్నాయి. హెడ్ గాస్కెట్ సంగతి చెప్పక్కర్లేదు, తీసేటప్పుడే చిరిగింది.

ఇంజన్ ప్లేట్ మీద నంబర్ 9ఎమ్ తో మొదలవుతోంది. ఆ జర్నల్స్ చుట్టూ ఉండే పాత బేరింగ్ షెల్స్ వెనకాల 020 అని కొట్టి ఉంది, అది సైజో పార్ట్ నంబరో అర్థం కాలేదు. ఆన్‌లైన్లో "మోరిస్ మైనర్ పిస్టన్" అని కొడితే మూడు నాలుగు రకాలు వస్తున్నాయి, అమ్మేవాళ్లని అడిగితే అన్నీ సరిపోతాయి అంటున్నారు, అక్కడే డౌటు వచ్చింది. ఒకాయన డబ్బా కూడా తెరవని పాత స్టాక్ బేరింగ్ సెట్టు, గాస్కెట్ సెట్టు ఉన్నాయి అంటున్నాడు, తీసుకోవచ్చా? ఇంకొందరేమో ఈ తలనొప్పి ఎందుకు, తర్వాతి మోడల్‌ది 1098 సీసీ ఇంజన్ దించేయ్ అంటున్నారు. ఒరిజినల్‌గా ఉంచాలనే నా కోరిక, మరీ మొండిగా ఏమీ లేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

స్పానర్_బాబాయ్

బాబూ, ముందు ఆ కొనడం ఆపు. ఒక్క ముక్క కూడా ఆర్డర్ పెట్టొద్దు. నీ చేతిలో ఇంజన్ ఏంటో, అందులో ఇప్పటిదాకా ఎవడెవడు ఏమేం చేశాడో తెలిశాకే కొనాలి.

9ఎమ్ అంటే మోరిస్ బండికి వేసిన 948 సీసీ. 1956లో మైనర్ 1000 వచ్చినప్పుడు పెట్టింది ఇదే. దానికి ముందు 1952 నుంచి 803 సీసీ ఉండేది, 1962 నుంచి 1098 వచ్చింది. అంటే "మోరిస్ మైనర్ పిస్టన్" అన్న మాటకి మూడు వేరే ఇంజన్లున్నాయి, 1948లో వచ్చిన మొదటి మోడల్ సైడ్ వాల్వ్‌ది కలిపితే నాలుగు. నీకు మూడు నాలుగు రకాలు వస్తున్నాయంటే అందుకే. అన్నీ సరిపోతాయి అన్నవాడు అయితే తెలియక చెప్పాడు, లేదా తెలిసే చెప్పాడు.

ఇప్పుడు అసలు కిటుకు. కారు పేరు మర్చిపో, ఇంజన్ ఫ్యామిలీ పేరుతో వెతుకు. నీది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల ఏ సిరీస్. ఇదే 948 ఆస్టిన్ ఏ35లో ఉంది, ఏ40లో ఉంది, 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌లో ఉంది, మొదటి ఎంజీ మిడ్జెట్‌లో కూడా ఉంది. స్ప్రైట్ ఇంజన్ నంబర్ 9సీ తో మొదలవుతుంది. స్పోర్ట్స్ కార్లకి పార్ట్స్ తయారుచేసేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి మైనర్ పేరుతో దొరకని ముక్క స్ప్రైట్ పేరుతో దొరికేస్తుంది, చాలావరకు అదే ముక్క, అదే పార్ట్ నంబర్. అందుకని వర్క్‌షాప్ మాన్యువల్ ఒక్కటి చాలదు, ఫ్యాక్టరీ పార్ట్స్ లిస్ట్ సంపాదించు. ఏ సిరీస్ పాత నంబర్లు ఎక్కువగా 2ఎ తోనో 12ఎ తోనో మొదలవుతాయి, తర్వాత నంబర్లు మారాయి, ఒక్కో ముక్కకి పాతదీ కొత్తదీ రెండూ రాసి పెట్టుకుని రెండింటితో వెతకాలి. మోరిస్ మైనర్ ఓనర్స్ క్లబ్ వాళ్లు ఇలాంటి విషయాల్లో బాగా పనికొస్తారు, సభ్యుల్లో ఎవరి దగ్గరో ఆ లిస్టు ఉండనే ఉంటుంది.

మినీ పార్ట్స్ విషయంలో మాత్రం కాస్త చూసుకో. అదీ ఏ సిరీసే, కానీ ఇంజన్ అడ్డంగా పెట్టారు, గేర్‌బాక్స్ కిందే ఆయిల్‌లో ఉంటుంది, బ్లాక్ నేరుగా నీ బండికి ఎక్కదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. మినీ 848 బోరు, నీ 948 బోరు రెండూ 62.9 మిల్లీమీటర్లే, స్ట్రోక్ మాత్రం దానిది 68.26, నీది 76.2. బోరు కలిసింది కదా అని పిస్టన్ కొనేస్తే గడ్జన్ పిన్ (పిస్టన్ని కాన్‌రాడ్‌కి కలిపేది) నుంచి పై అంచు దాకా ఎత్తు తేడా వస్తుంది. పక్కపక్కన పెట్టి కొలవకుండా తీసుకోకు.

లేత్_దగ్గరోడు

బాబాయ్ చెప్పింది కరెక్ట్, నేను మెషినింగ్ సంగతి చెప్తా.

షెల్స్ మీద 020 అంటే 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అండర్‌సైజ్. అంటే నీ క్రాంక్‌ని ఇంతకుముందే ఎవరో ఒకసారి గ్రైండ్ చేశారు. 948 బిగ్ ఎండ్ జర్నల్ కొత్తలో 1.6254 నుంచి 1.6259 అంగుళాలు ఉంటుంది, నీది ఇప్పుడు దాంట్లోంచి 20 థౌ తక్కువ ఉండాలి. గీతలు పోవాలంటే 30కో 40కో దించాలి. 40 థౌ దాకా షెల్స్ దొరుకుతాయి, అది దాటితే మాత్రం వేరే క్రాంక్ వెతుక్కోవడం బెటర్. అందుకే గ్రైండింగ్ అయ్యాకే షెల్స్ కొనాలి, ముందు కొని పెట్టుకుంటే క్రాంక్ ఆ సైజులో శుభ్రపడకపోతే ఆ సెట్టు వేస్ట్. ఇంకా ముఖ్యం, గ్రైండ్ చేసే ముందు క్రాక్ టెస్ట్ చేయించు, మాగ్నెటిక్‌ది. పగులున్న క్రాంక్ మీద గ్రైండింగ్ డబ్బులు తగలేసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. జర్నల్ అంచుల్లో ఉండే ఆ చిన్న గుండ్రటి వంపు ఉంది చూడు, అది పదునైన మూలగా వదిలేస్తే సరిగ్గా అక్కడే విరుగుతుంది, ఆ మాట గ్రైండింగ్ ఆయనకి నోటితో చెప్పు, తెలిసే ఉంటుంది అనుకోకు.

803 క్రాంక్ ఎవరైనా ఇస్తానంటే తీసుకోవద్దు, దాని బిగ్ ఎండ్ 1.438 అంగుళాలే, చాలా సన్నం. మెయిన్స్ (క్రాంక్ బ్లాక్‌లో కూర్చునే జర్నల్స్) ఒకటే సైజు కావడంతో మోసపోతారు.

బోర్ల సంగతి. తుప్పు గుంట ఎంత లోతో చూడాలి. మూడో దాంట్లోనే గుంటలున్నా రీబోర్ నాలుగూ చేయించాలి. పిస్టన్స్ మామూలుగా 20, 40, 60 థౌ ఓవర్‌సైజ్‌లో వస్తాయి. ఇప్పుడు ఏ సైజులో ఉందో పిస్టన్ పైన కొట్టి ఉంటుంది, మసి తుడిచి చూడు. 60కి కూడా గుంట పోకపోతే ఆ ఒక్క సిలిండర్‌కి స్లీవ్ వేసి మిగతా వాటి సైజుకి బోర్ చేయొచ్చు, బ్లాక్ పారేయక్కర్లేదు. పిస్టన్స్ ముందు తెప్పించి, వాటిని కొలిచి, ఆ కొలతకి బోర్ చేయించడం పద్ధతి. షెల్స్‌కి ఒక రూలు, పిస్టన్స్‌కి ఇంకో రూలు, కలిపేసుకోకు.

నీ 948లో గడ్జన్ పిన్ని కాన్‌రాడ్ పైచివర బోల్టుతో బిగిస్తారు, 1098లో ఫ్లోటింగ్, సర్‌క్లిప్‌లుంటాయి. పిస్టన్స్ ఫోటో చూడగానే సర్‌క్లిప్ గాడి కనబడితే నీది కాదని తెలిసిపోతుంది.

కార్బ్_పిచ్చోడు

పాత స్టాక్ అడిగావు కదా. ఇనుప ముక్కలైతే కళ్లు మూసుకుని తీసుకో (సైజు చూసుకుని), అప్పటి క్వాలిటీ ఇప్పటి కొన్ని కాపీలకి రాదు. బేరింగ్ సెట్టైతే గ్రీజు కాగితం విప్పించి ఫోటో అడుగు, మచ్చలు పట్టి ఉంటే వద్దు. రబ్బరు, కార్క్ అయితే డబ్బా ఎంత మెరిసినా వద్దు, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాస్కెట్ సెట్టు అసలే వద్దు, ఆ కాలం హెడ్ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. నీ ఇంజన్లోంచి చిరిగి వచ్చిందని చెప్పిన గాస్కెట్ కూడా అదే అయ్యుండొచ్చు, మిగిలిన ముక్కల్ని పొడిగా గీకొద్దు, వైర్ బ్రష్ డ్రిల్లుకి పెట్టి అసలే తిప్పొద్దు, తడిపి తీయి, మాస్క్ పెట్టుకో.

కార్బ్యురేటర్ గురించి దిగులు లేదు. నీ బండి కార్బ్యురేటర్ బ్రాండ్ ఎస్‌యూ, దాని హక్కులు 1996లో బర్లెన్ వాళ్ల చేతికొచ్చాయి, ఇప్పటికీ కొత్త ముక్కలు తయారుచేస్తున్నారు, జెట్టు, నీడిల్, డయాఫ్రమ్ ఏది కావాలన్నా. నీది హెచ్2 మోడల్ అయితే జెట్ చుట్టూ కార్క్ సీల్స్ ఉంటాయి, బిగించే ముందు ఆయిల్లో నానబెట్టు లేకపోతే పెట్రోల్ కారుతూనే ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది కాబట్టి పైపులన్నీ దానికి తట్టుకునేవే వెయ్.

షెడ్డులో_బండి

అబ్బో, ఇంత సమాచారమా, థ్యాంక్స్ అందరికీ. మసి తుడిచి చూశా, పిస్టన్ల మీద సైజేమీ లేదు, బోర్ కూడా పైన అరగని చోట కొలిస్తే 62.9 దగ్గరే ఉంది, అంటే స్టాండర్డే అనుకుంటా. పాత స్టాక్ ఆయనకి వద్దని చెప్పేశా, బేరింగ్ సెట్టు మీద ఎస్‌టీడీ (స్టాండర్డ్ సైజు) అని ఉంది, నాకు ఎలాగూ పనికిరాదు.

ఇంకో రెండు అడగాలి. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ ఎక్కడా దొరకట్లేదు, పార్ట్స్ లిస్ట్‌లో కూడా కనబడలేదు. క్యామ్‌షాఫ్ట్ లోబ్ ఒకటి అరిగింది, దానికి ఏం చేయాలి?

స్పానర్_బాబాయ్

హహ, వెనక సీల్ దొరకదు బాబూ, ఎందుకంటే అసలు లేదు. క్రాంక్ వెనక భాగంలో ఒక స్క్రోల్ (మరలాంటి) గాడి తిప్పి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆయిల్‌ని లోపలికి నెడుతుంది, అంతే. ఆగి ఉన్నప్పుడు ఒకటీ అరా చుక్క పడుతుంది. ఆ క్లియరెన్స్ బాగా ఎక్కువైతేనే ఆలోచించాలి. ముందు వైపు టైమింగ్ కవర్‌కి మాత్రం సీల్ ఉంది, పాతవాటికి ఫెల్ట్, తర్వాతవాటికి రబ్బరు. తర్వాతి కవర్ వేసుకుంటే దాని ఆయిల్ త్రోయర్ కూడా జతగా తీసుకో.

క్యామ్ సంగతి జాగ్రత్తగా విను, ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఏ సిరీస్‌లో ఆయిల్ పంప్‌ని క్యామ్ వెనక చివర తిప్పుతుంది, ఆ జాయింట్ మూడు రకాలు: పిన్, స్లాట్, స్పైడర్. నీది పిన్ డ్రైవ్ అయ్యుంటుంది, విప్పి చూసి నిర్ధారించుకో. కొత్త క్యామ్ ఒక రకం, పాత పంప్ ఇంకో రకం అయితే కలవవు. కాబట్టి రెండూ కలిపి చూసుకుని కొనాలి, లేదా నీ క్యామ్‌నే రీగ్రైండ్ చేయించుకో, ఒరిజినల్ కావాలంటే నాకు అదే ఇష్టం. ఏదైనా ఫాలోయర్స్ (క్యామ్ లోబ్ మీద ఆనుకుని కదిలే ముక్కలు) మాత్రం కొత్తవి వెయ్, అరిగిన ఫాలోయర్ కొత్త లోబ్‌ని తినేస్తుంది. మొదటి స్టార్టులో జింక్ ఎక్కువున్న 20 డబ్ల్యూ 50 ఆయిల్ వాడు.

రోజూ_నడిపేవాణ్ణి

నేను వేరే మాట చెప్తా, బాబాయ్ తిట్టకూడదు. బండి రోజూ నడపాలనుకుంటే 1098 తప్పేం కాదు. 37 హార్స్‌పవర్ ఎక్కడ, 48 ఎక్కడ. ఫ్యాక్టరీ వాళ్లే తర్వాత అదే వేశారు కదా.

లేత్_దగ్గరోడు

తప్పు కాదు గానీ ఇంజన్ ఒక్కటే మారదు కదా అన్నా. 1098కి క్లచ్ పెద్దది, దాంతో ఫ్లైవీల్, గేర్‌బాక్స్ కూడా చూసుకోవాలి. ఫ్యాక్టరీ వాళ్లు ఆ ఇంజన్ వేసినప్పుడు ముందు బ్రేక్ డ్రమ్ములు 7 నుంచి 8 అంగుళాలకి పెంచారు, డిఫ్ (వెనక యాక్సిల్ గేర్లు) రేషియో 4.55 నుంచి 4.22కి మార్చారు. ఊరికే పెంచలేదుగా. ఇవన్నీ చేసే ఓపిక ఉంటే ఓకే, 948 బ్లాక్ బాగున్నప్పుడు నేనైతే చేయను. ఒకవేళ చేసినా నీ 9ఎమ్ బ్లాక్ అమ్మొద్దు, గ్రీజు పూసి మూల పెట్టు. ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆర్కైవ్‌లో నీ బండి రికార్డు దొరికితే ఫ్యాక్టరీలో వేసిన ఇంజన్ నంబర్ సర్టిఫికెట్ మీద వస్తుంది, అది నీ ప్లేట్‌తో కలిస్తే ఆ బ్లాక్ విలువే వేరు.

స్టాండర్డ్ బోర్ అంటున్నావు కాబట్టి నీకు 20 థౌతో అయిపోయే ఛాన్సుంది. హెడ్ పంపేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లకి గట్టి ఇన్సర్ట్‌లు వేయించు, ఎలాగూ విప్పి ఉంది. సీసం లేని పెట్రోల్‌కి మెత్తటి ఇనుము సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగిపోతుంది, టాపెట్ గ్యాప్ అస్తమానూ తగ్గిపోతుంటే అదే రోగం.

షెడ్డులో_బండి

948తోనే వెళ్తా, డిసైడ్ అయిపోయా. క్రాంక్, బ్లాక్ రెండూ క్రాక్ టెస్ట్‌కి పంపుతున్నా, ఆ రిపోర్ట్ వచ్చాకే పిస్టన్స్ ఆర్డర్. స్ప్రైట్ పేరుతో వెతికితే థ్రస్ట్ వాషర్లు, టైమింగ్ చెయిన్, వాటర్ పంప్ వెంటనే కనబడ్డాయి, మైనర్ పేరుతో వెతికినప్పుడు ఒక్కటీ రాలేదు 😀 చెయిన్ టెన్షన్ కోసం క్యామ్ స్ప్రాకెట్‌లో ఉండే రబ్బరు రింగులు మాత్రం ఇంకా దొరకలేదు, వాటి పాత నంబర్ ఎవరి లిస్టులోనైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

స్పానర్_బాబాయ్

నా లిస్టులో ఉండాలి, వెతికి పెడతా. ఈలోగా స్ప్రాకెట్ పళ్లు చూడు, ఒకవైపుకి వంగినట్టు అరిగి ఉంటే రింగులొక్కటే మార్చి లాభం లేదు, రెండు వరసల చెయిన్ సెట్టు మొత్తం వేసెయ్, దానికి ఆ రింగుల గొడవే ఉండదు.