అప్‌డేట్: పికప్ కింద ‘టంగ్’ శబ్దం దొరికింది

రివర్స్ నుంచి ముందు గేర్‌కి మార్చినా, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినా కింద ‘టంగ్’ మంటోందని అడిగాను కదా, దాని సంగతి. డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) పోయిందేమోనని భయపడ్డాను. కాదు, పోయింది ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) వెనక చివరి యూనివర్సల్ జాయింట్, అంటే షాఫ్ట్‌ని కోణంలో తిరగనిచ్చే కీలు.

ఇంతకుముందు చూసినప్పుడు బండి గేర్‌లో ఉంది. షాఫ్ట్ బిగుసుకుని ఉండటంతో జాయింట్‌లో ఆట (వదులు) తెలియలేదు, తప్పు నాదే. ఈసారి ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక ఇరుసును స్టాండ్ల మీదికి ఎత్తి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పాను. యోక్ (జాయింట్‌ని పట్టుకునే కవ) కదిలాక ఒక క్షణం ఆలస్యంగా క్రాస్ (జాయింట్ మధ్యలోని కూడిక గుర్తు ఆకారపు ముక్క) కదిలింది. క్రాస్ కొనలకు తొడిగే బేరింగ్ కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి. విప్పితే గ్రీజు జాడే లేదు, సూది బేరింగులు కొన్ని పిండైపోయాయి.

విప్పే ముందు షాఫ్ట్‌కీ, దాన్ని డిఫరెన్షియల్‌కి బోల్టులతో బిగించే ఫ్లాంజ్‌కీ సుద్దతో గుర్తు పెట్టుకున్నా, అదే స్థితిలో బిగించకపోతే వణుకు రావచ్చని. పాత కప్పులు కొట్టి బయటికి తీయడానికే సగం రోజు పోయింది! కొత్త క్రాస్ వేసి, ఎండిపోయిన స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు మారేలా ముందుకూ వెనక్కీ జారే భాగం) పళ్లకూ గ్రీజు పెట్టాను.

శబ్దం పోయింది. గేర్ మార్చినప్పుడు సన్నగా ‘టిక్’ మంటోంది, అది డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఉండే మామూలు సందేననుకుంటున్నా.