‘ఫాల్ ఔట్ విత్’ అంటే గొడవపడటమేనా?

ప్రశ్న: ‘దే ఫెల్ ఔట్ ఓవర్ మనీ’ని ‘డబ్బు దగ్గర గొడవపడ్డారు’ అని తెలిగిస్తే సరిపోతుందా? జుట్టు రాలడానికీ ‘ఫాల్ ఔట్’ అంటారు కదా, ఈ రెంటికీ ఏమన్నా సంబంధం ఉందా?

జవాబు: గొడవ అంటే సగమే చెప్పినట్టు. ‘వుయ్ ఆర్గ్యూడ్, బట్ వుయ్ డిడ్న్ట్ ఫాల్ ఔట్’ అనొచ్చు: వాదించుకున్నాం గానీ మాకేం చెడలేదు. అదిగో, ‘చెడటం’ అనేదే దీనికి అతికినట్టు సరిపోయే మాట. ‘డబ్బు దగ్గర వాళ్ళిద్దరికీ చెడింది.’ చెడాలంటే ముందు పొత్తు ఉండాలి కదా. ముక్కూమొహం తెలియనివాళ్ళు సీటు కోసం కొట్లాడుకుంటే దాన్ని ‘ఫాల్ ఔట్’ అనరు.

జుట్టయినా పళ్ళయినా ఉన్నచోటి నుంచి ఊడిపడటమే. కవాతులో వరస వదిలి వెళ్ళమనడానికీ ‘ఫాల్ ఔట్’ అనే అంటారు. ఏది దేన్ని వీడుతోందో కర్తను చూస్తే తెలిసిపోతుంది.

మరో జవాబు: మనవాళ్ళు తప్పేది విభక్తి దగ్గర. తెలుగులో ‘వాళ్ళకు’ చెడుతుంది, ఇంగ్లీషులో వాళ్ళే కర్తలు. ఆ ‘కు’ను పట్టుకుని ‘టు’ పెట్టకూడదు. మనిషికి ‘విత్’, కారణానికి ‘ఓవర్’ లేదా ‘అబౌట్’: ‘షి ఫెల్ ఔట్ విత్ హర్ బ్రదర్ ఓవర్ ద హౌస్’. ఇది అకర్మక క్రియ, కర్మణి ప్రయోగం కుదరదు. ‘ఫెల్ట్ ఔట్’ అని రాసేవాళ్ళూ ఉన్నారు; ‘ఫెల్ట్’ అనేది ‘ఫీల్’కి భూతకాలం.

కాలం మారితే అర్థమూ కాస్త జరుగుతుంది. ‘దే ఫెల్ ఔట్ లాస్ట్ ఇయర్’ అంటే నిరుడు చెడింది, ఈపాటికి కలిసిపోయి ఉండొచ్చు. ‘దే హావ్ ఫాలెన్ ఔట్’ అంటే మాత్రం మామూలుగా ఇప్పటికీ ఎడమొహం పెడమొహమే. తెలుగులో రెంటికీ ‘చెడింది’ అనేస్తాం కాబట్టి రెండోదానికి ‘మాటల్లేవు’ అని చేరిస్తే నయం.

ఇంకొకరు: నామవాచకం ‘ఫాలింగ్ ఔట్’. అమెరికన్లు క్రియ కంటే ‘హాడ్ ఎ ఫాలింగ్ ఔట్’ అనడానికే మొగ్గుతారు. కలిపి ‘ఫాలౌట్’ అంటే వేరే సంగతి: అణు విస్ఫోటం తర్వాత కిందికి రాలే ధూళి, లేదా ఏదైనా వ్యవహారం తాలూకు చెడు పర్యవసానం. స్నేహం చెడటానికి ఇది పనికిరాదు.

ప్రశ్న వేసినవారు: అయితే మళ్ళీ కలవడం ‘ఫాల్ ఇన్ విత్’ అవుతుందా?

జవాబు: కాదండీ, అది ‘మేక్ అప్’. ‘ఫాల్ ఇన్ విత్ ఎ ప్లాన్’ అంటే ఆ ఏర్పాటుకు సరేననడం.