మూతపడేలా ఉన్న షాపులో గిఫ్ట్ కార్డు, పాడైన వాక్యూమ్, మంచం అడ్వాన్సు: ముందు దేన్ని తేల్చుకోవాలి?

రీడింగ్‌వాసి:
ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ప్రశ్న. మా హై స్ట్రీట్‌లో ఇంటి సామాన్లు అమ్మే ఒక చైన్ షాపు వాలకం ఏం బాగోలేదు. పేరు అనవసరం. సగం అరలు ఖాళీ. మిగతావాటిలో ఒకే రకం డబ్బాల్ని ముందుకు లాగి నిండుగా ఉన్నట్టు పేర్చారు. ఆరు కౌంటర్లకి ఒక్క మనిషి. నా డబ్బు మూడు చోట్ల ఇరుక్కుంది.

150 పౌండ్ల గిఫ్ట్ కార్డు ఉంది, ఆఫీసులో ఇచ్చింది. ఐదు వారాల కిందట డెబిట్ కార్డుతో కొన్న 89 పౌండ్ల వాక్యూమ్ క్లీనర్ ఆగిపోయింది. "స్టోర్ క్రెడిట్ ఇస్తాం, లేదంటే తయారు చేసిన కంపెనీకి ఫోన్ చేసుకోండి" అంటున్నారు. 640 పౌండ్ల మంచానికి 100 పౌండ్లు క్రెడిట్ కార్డుతో అడ్వాన్సు కట్టాను. మిగతాది డెలివరీకి ముందు కట్టాలట, డెలివరీకి ఇంకా ఆరు వారాలు. ఏది ముందు, ఏది తర్వాత?

బిల్లుభద్రం:
ముందు గిఫ్ట్ కార్డు. ఈ వారంలోనే ఖర్చు పెట్టేయండి. మిగతా రెండింటికీ బ్యాంకు అండ ఉంది, దీనికి ఎవరూ లేరు.

కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేక, అడ్మినిస్ట్రేటర్లనే బయటి నిపుణుల చేతికి) వెళ్లిందంటే గిఫ్ట్ కార్డు చేతిలో ఉన్నవాళ్లు తాకట్టు లేని అప్పులవాళ్ల కింద లెక్క, అంటే వరసలో దాదాపు ఆఖరు. ఆ కార్డులు తీసుకోవాలా వద్దా అన్నది అడ్మినిస్ట్రేటర్ల ఇష్టం. 2013 జనవరిలో పాటలు, సినిమాలు అమ్మే చైన్ హెచ్ఎంవీ పడిపోయినప్పుడు మొదట వోచర్లు చెల్లవన్నారు. జనం గోల చేస్తే వారం రోజులకి మళ్లీ తీసుకున్నారు. అదే నెలలో కెమెరాల చైన్ జెస్సాప్స్ 187 షాపులూ ఒక్కసారిగా మూసేసింది, ఆ వోచర్లు గోవిందా. అంటే మన అదృష్టం అడ్మినిస్ట్రేటర్ ఆ షాపుని ఇంకొన్నాళ్లు నడిపి అమ్ముదామనుకుంటున్నాడా లేదా అన్నదాని మీద ఉంటుంది.

ముందు కార్డు వెనక సన్నక్షరాలు చదవండి. జారీ చేసింది ఎవరు? ఆఫీసుల్లో ఇచ్చేవి చాలాసార్లు వన్‌ఫర్‌ఆల్, లవ్‌టుషాప్ లాంటి పలు షాపుల కార్డులు. అలాంటిదైతే తొందరేం లేదు, ఇంకో షాపులో వాడుకోవచ్చు. ఆ చైన్ పేరుతోనే ఉంటే మాత్రం స్వయంగా షాపుకి వెళ్లి, చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకునే వస్తువు కొనండి. ఆన్‌లైన్‌లో వద్దు. గిఫ్ట్ కార్డుతో కట్టి డెలివరీ కోసం ఎదురుచూడడమంటే ఒక కాగితం ఇచ్చి ఇంకో కాగితం తీసుకున్నట్టే. వాపసు ఇవ్వాల్సిన అవసరం రాని సరుకు చూసుకోండి: గిన్నెలు, దుప్పట్లు, బల్బులు. ఎందుకంటే వాపసు చేస్తే డబ్బు తిరిగి గిఫ్ట్ కార్డులోకే వెళ్తుంది.

వాక్యూమ్ సంగతి. స్టోర్ క్రెడిట్ ఒప్పుకోకండి. ఒప్పుకున్న క్షణంలో మీ డెబిట్ కార్డు కొనుగోలు కాస్తా ఇంకో గిఫ్ట్ కార్డుగా మారిపోతుంది, బ్యాంకు దగ్గర వాదన కూడా పోతుంది. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం మొదటి 30 రోజుల్లో అయితే సూటిగా రిఫండ్ అడగొచ్చు. మీకు ఆ గడువు దాటింది కాబట్టి షాపుకి బాగుచేసే లేదా మార్చి ఇచ్చే అవకాశం ఒక్కసారి ఇవ్వాలి. అది కుదరకపోయినా, ఇచ్చింది మళ్లీ పాడైనా పూర్తి డబ్బు వాపసు. కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది మొదట్నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది షాపే. "తయారీ కంపెనీకి ఫోన్ చేసుకోండి" అనడం తప్పించుకోవడానికి వాడే మాట, మీ ఒప్పందం బిల్లు ఇచ్చినవాడితో. బిల్లు పోయినా బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ లైను రుజువుగా చాలు.

కౌంటర్‌వెనక:
పై సమాధానానికి కొసరు. రిటైల్‌లో పనిచేసేవాడి మాటగా తీసుకోండి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని నిలదీస్తే లాభం లేదు. గడువు దాటిన రిఫండ్‌ని టిల్లు (బిల్లు కొట్టే మెషీను) మేనేజర్ కోడ్ లేకుండా తీసుకోదు. పైనుంచి "నగదు వాపసులు తగ్గించండి" అని చెప్పినప్పుడు మేనేజర్‌కీ చేతులు కట్టేసినట్టే. అక్కడ గంట వాదించేకన్నా హెడ్ ఆఫీస్ కస్టమర్ సర్వీస్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. అందులో నాలుగు ముక్కలు చాలు: కొన్న తేదీ, మోడల్, లోపం ఏమిటి, "మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు ఇచ్చి వస్తువు తీసుకెళ్లండి, 14 రోజుల్లో జవాబు కావాలి".

ఆ "తీసుకెళ్లండి" అన్న మాట మర్చిపోవద్దు. రేపు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా షాపు నుంచి వెనక్కి రప్పించుకోవడం) వేస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న: వస్తువు వాపసు ఇచ్చారా, ఇస్తామన్నారా? ఈ ఈమెయిల్ లేక తిరగ్గొట్టిన కేసులు బోలెడు.

ఇంకోటి, పాడైన వస్తువుకీ మనసు మారి తిరిగిస్తానన్నదానికీ తేడా ఉంది. షాపులో చూసి కొన్నది నచ్చలేదని తిరిగిస్తానంటే చట్టం ఏమీ ఇవ్వదు, అది షాపు దయ. అక్కడ స్టోర్ క్రెడిట్ ఇస్తే నోరెత్తలేం. జనం ఈ రెండూ కలిపేసి గొడవ పడతారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి షాపులో తీసుకుంటే 14 రోజుల రద్దు హక్కు ఉంటుంది. ఆన్‌లైన్‌లో రిజర్వ్ మాత్రమే చేసి డబ్బు కౌంటర్‌లో కడితే సాధారణంగా ఉండదు.

బిల్లుభద్రం:
చార్జ్‌బ్యాక్ మాట వచ్చింది కాబట్టి. అది చట్టం కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ నియమం. కనీస మొత్తం అంటూ ఏమీ లేదు, మీ 89 పౌండ్లకీ పనికొస్తుంది. గడువు మామూలుగా 120 రోజులు. కాబట్టి షాపుకిచ్చిన 14 రోజులు అయిపోగానే బ్యాంకుకి వెళ్లండి, మూడు నెలలు చూస్తూ కూర్చోకండి.

మంచానిది వేరే దారి, ఇంకా గట్టిది. కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 1974, సెక్షన్ 75. వస్తువు ధర 100 పౌండ్లకి మించి 30,000 దాకా ఉండి, అందులో కొంతైనా క్రెడిట్ కార్డుతో కడితే, షాపుతో సమానంగా కార్డు బ్యాంకు కూడా మొత్తానికి బాధ్యత వహించాలి. మీరు 100 మాత్రమే కట్టినా రక్షణ 640కీ ఉంటుంది. ఒక్క పౌండు కట్టినా అంతే.

జారిపోయే చోట్లు ఇవీ. 100 పౌండ్ల లెక్క ఒక్కో వస్తువుకి, బిల్లు మొత్తానికి కాదు. 60 పౌండ్ల కుర్చీలు నాలుగు విడివిడిగా కొంటే రాదు, 240 పౌండ్ల సెట్టుగా అమ్మితే వస్తుంది. మధ్యలో వేరే చెల్లింపు సంస్థ దూరితే బ్యాంకు, షాపు, మీరు అనే ముక్కోణం తెగిందంటారు. భార్య లేదా భర్త పేరు మీది కార్డుకి అదనపు కార్డు తీసుకుని కొన్నా ఇదే పేచీ వస్తుంది. అసలు కార్డుదారు కొనడమే మేలు.

మిగతా 540 అడిగినా ఇప్పుడే కట్టకండి, డెలివరీ తేదీ ఖాయమయ్యాక అదే క్రెడిట్ కార్డుతో కట్టండి. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఐదు శాతం తగ్గిస్తామంటే అసలు వద్దు.

లెక్కలమాస్టారు:
ఖాళీ అరలు చూసి భయపడడం సరే, అంతకన్నా మంచి సాక్ష్యం ఉచితంగా దొరుకుతుంది. బిల్లు కింద లేదా వెబ్‌సైట్ అడుగున అసలు కంపెనీ పేరు, నంబరు ఉంటాయి. బోర్డు మీది పేరు వేరు, కంపెనీ పేరు వేరు కావచ్చు. ఆ నంబరుతో కంపెనీస్ హౌస్ (కంపెనీల ప్రభుత్వ రిజిస్టర్) సైట్‌లో వెతకండి. అక్కడ మూడు చూడాలి.

ఒకటి, అకౌంట్స్ "ఓవర్‌డ్యూ" అని ఎర్రగా ఉందా. ప్రైవేట్ కంపెనీకి సంవత్సరాంతం తర్వాత 9 నెలల గడువు. సంవత్సరాంతాన్ని ఒక రోజు తగ్గించి ముందురోజు తేదీకి మారిస్తే ఆ నోటీసు తేదీ నుంచి మూడు నెలల వెసులుబాటు దొరుకుతుంది. ఫైలింగ్ చరిత్రలో ఏఏ01 అనే ఫారం ఇలా కనిపిస్తే లెక్కలు ఆలస్యం చేయడానికే అనుకోవచ్చు. రెండు, చార్జెస్ అన్న ట్యాబ్‌లో కొత్త తాకట్లు పడ్డాయా. మూడు, ఆడిటర్ నివేదికలో "గోయింగ్ కన్సర్న్" (కంపెనీ ఇకపైనా నడుస్తుందా అన్న భాగం) దగ్గర "మెటీరియల్ అన్‌సర్టెయిన్టీ", అంటే గట్టి అనుమానం ఉందని, రాశారా. ఆ రెండు మాటలుంటే గిఫ్ట్ కార్డు సంగతి సాయంత్రంలోగా తేల్చుకోండి.

అరలు ఎందుకు ఖాళీ అవుతాయంటే, సరఫరాదారులు అరువు మీద సరుకు పంపేది క్రెడిట్ ఇన్సూరెన్స్ (షాపు డబ్బు ఎగ్గొడితే ఇచ్చే బీమా) ధైర్యంతో. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ షాపుకి కవర్ తీసేసిందా, సరఫరాదారు "ముందు డబ్బు, తర్వాత లారీ" అంటాడు. చేతిలో నగదు లేని షాపుకి సరుకు ఆగిపోతుంది. సరుకు లేకపోతే అమ్మకం లేదు, అమ్మకం లేకపోతే నగదు లేదు. 2008లో వూల్‌వర్త్స్‌కీ, తర్వాత విల్కోకీ, ఆ రెండు చైన్ షాపులకీ జరిగింది ఇదే. అంతకుముందే విల్కో వర్క్‌సాప్‌లోని గిడ్డంగిని 4.8 కోట్ల పౌండ్లకి డీహెచ్ఎల్‌కి అమ్మేసింది. ఇల్లమ్ముకుని అదే ఇంట్లో అద్దెకుండే వ్యవహారం. విల్కో 2023 ఆగస్టులో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అక్టోబరుకల్లా షాపులన్నీ మూతబడ్డాయి.

సీవీఏ (కంపెనీ వాలంటరీ అరేంజ్‌మెంట్) అన్న మాట వార్తల్లో వస్తే "అమ్మయ్య, గట్టెక్కింది" అనుకోకండి. అది ముఖ్యంగా అద్దెలు తగ్గించుకోవడానికి అప్పులవాళ్లతో చేసుకునే ఒప్పందం. బీహెచ్ఎస్‌కి 2016 మార్చిలో సీవీఏ ఆమోదమైంది, ఏప్రిల్‌లో అడ్మినిస్ట్రేషన్. టాయ్స్ ఆర్ అస్‌కి 2017 డిసెంబరులో సీవీఏ, 2018 ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేషన్. హౌస్ ఆఫ్ ఫ్రేజర్‌కి 2018 జూన్, ఆగస్టు. ఇంకెవరో వ్యాపారం కొంటే? కొనేవాళ్లు మామూలుగా బోర్డు, సరుకు, లీజులు కొంటారు, అప్పులు కాదు. పాత గిఫ్ట్ కార్డు వాళ్ల నెత్తిన పడాలన్న రూలేమీ లేదు.

రీడింగ్‌వాసి:
అందరికీ థాంక్స్ అండీ. కార్డు వెనక చూశాను, ఆ చైన్‌దే, వేరే చోట చెల్లదు. ఒక ఆలోచన: ఆ 150ని మంచం బాకీలో కట్టేస్తే? మొత్తం సెక్షన్ 75 కిందకి వస్తుంది కదా. ఇంకోటి, ఇదంతా జరిగేలోపే షాపు పడిపోతే వాక్యూమ్ మీద కోర్టుకి వెళ్లొచ్చా?

బిల్లుభద్రం:
ఆలోచన చట్టం ప్రకారం తప్పు కాదు. ఒప్పందం మొత్తం 640ది, బ్యాంకు బాధ్యత షాపు బాధ్యతతో సమానం. కానీ గిఫ్ట్ కార్డు వాటా దగ్గర బ్యాంకు మెలిక పెట్టొచ్చు, మీరు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ) దాకా నడవాల్సి రావొచ్చు. పైగా ఫర్నిచర్ ఆర్డర్లకి గిఫ్ట్ కార్డు తీసుకోని షాపులున్నాయి. నా ఓటు గిన్నెలకే.

లెక్కలమాస్టారు:
కోర్టు సంగతి. షాపు నడుస్తున్నంతవరకు 14 రోజుల నోటీసు ఇచ్చి ఆన్‌లైన్‌లో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వేయొచ్చు. 300 పౌండ్ల లోపు దావాకి ఫీజు 35. అడ్మినిస్ట్రేటర్ వచ్చాక కోర్టు అనుమతో ఆయన ఒప్పుకోలో లేకుండా దావా ముందుకి సాగదు. అప్పుడు చేయగలిగింది ఆయన వెబ్‌సైట్‌లో ప్రూఫ్ ఆఫ్ డెట్ (నాకింత రావాలి అని చెప్పే) ఫారం నింపడం. వరస ఇలా ఉంటుంది: గట్టి తాకట్టు ఉన్న బ్యాంకులు, అడ్మినిస్ట్రేషన్ ఖర్చులు, ఉద్యోగుల జీతం బాకీలు కొంత పరిమితి దాకా, తర్వాత వ్యాట్ లాంటి బాకీలకి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ. ఆ తర్వాత ఫ్లోటింగ్ చార్జ్ (సరుకు లాంటి మారుతూ ఉండే ఆస్తుల మీది తాకట్టు) ఆస్తుల్లోంచి మనలాంటివాళ్ల కోసం పక్కన పెట్టేది గరిష్ఠంగా 8 లక్షల పౌండ్లు. అందులో సరఫరాదారులు, షాపు భవనాల ఓనర్లూ అందరూ వాటాదారులే. పౌండుకి కొన్ని పెన్నీలు వస్తే ఎక్కువ. 89 పౌండ్లకి చార్జ్‌బ్యాకే దారి.

బ్యాంకు సెక్షన్ 75 కాదంటే, లేక 8 వారాల్లో తుది జవాబు ఇవ్వకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి, ఖర్చు లేదు. తుది ఉత్తరం వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల గడువు. బ్యాంకు ఫోన్‌లో "ముందు షాపుని అడిగి రండి" అంటే కంగారు పడకండి, షాపు మీద పోరాటం పూర్తి చేశాకే రావాలన్న నిబంధన సెక్షన్ 75లో లేదు.

కౌంటర్‌వెనక:
క్లోజింగ్ డౌన్ సేల్ బోర్డులు పడితే ఒక జాగ్రత్త. మొదటి వారాల్లో 10, 20 శాతం తగ్గింపు అంటే పాత లేబుల్ ధర మీద. పక్క షాపులో అదే వస్తువు అంతకన్నా చవగ్గా ఉండొచ్చు, ఫోన్‌లో ఒకసారి చూసి కొనండి. "వాపసు లేదు" అన్న బోర్డు లోపమున్న సరుకు మీద మీ హక్కుని చెరిపేయదు. కానీ హక్కు ఉన్నా, రెండు నెలల తర్వాత అడగడానికి మనిషి ఉండడు. అందుకని కరెంటు వస్తువు అయితే తయారీ కంపెనీ గ్యారంటీ ఉన్నదే తీసుకోండి, అదే రోజు వాళ్ల సైట్‌లో రిజిస్టర్ చేయండి, బిల్లు ఫోటో తీసి ఉంచండి, ఆ థర్మల్ కాగితం ఏడాదిలో తెల్లబడిపోతుంది. ఇండియా ప్రయాణానికి ముందు ఇలాంటి సేల్‌లో సూట్‌కేసులు కొనేవాళ్లు షాపులోనే చక్రాలు, జిప్పులు, హ్యాండిల్ లాగి చూసుకోండి. విజయవాడలో చక్రం ఊడితే మాట్లాడడానికి ఇక్కడ షాపు మిగలదు.

ఫేస్‌బుక్‌లో "90 శాతం తగ్గింపు, ఆఖరి రోజులు" అని ఆ షాపు పేరుతో యాడ్ వస్తే నొక్కకండి. విల్కో మూతపడేటప్పుడు సరిగ్గా అలాంటి నకిలీ సైట్లే పుట్టుకొచ్చాయి.

రీడింగ్‌వాసి:
రేపు శనివారం గిన్నెలకి వెళ్తున్నా. వాక్యూమ్ ఈమెయిల్ ఇప్పుడే పంపాను, "తీసుకెళ్లండి" అన్న ముక్కతో సహా.