డైక్లోఫెనాక్ ఆపేశారు కదా, రాబందులు ఎందుకు పెరగట్లేదు?

ప్రశ్న: నొప్పి మందు డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని, దాన్ని పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. మరి ఇంకా ముప్పేంటి? నొప్పులకు పాడి రైతులకు ఏ మందు చెప్పాలి?

జవాబు 1: నిషేధం పశువుల మందుకే. మనుషుల కోసం తయారైన 30 మి.లీ. సీసాలు దొడ్డిదారిన పశువులకే పోయేవి. 2015లో వాటిని 3 మి.లీ. ఒక్క డోసుకు కుదించారు. ఎసిక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు సంగతి మరీ ఘోరం: పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, కీటోప్రోఫెన్ అనే ఇంకో నొప్పి మందునీ పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు.

జవాబు 2: మెలాక్సికామ్ అడగండి. కిలో బరువుకు 0.5 మి.గ్రా. 300 కిలోల ఆవుకు 150 మి.గ్రా., అంటే మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న సీసాలోంచి 30 మి.లీ. బరువు తక్కువ అంచనా వేసి 10 మి.లీ. పొడిచి "ఇది పనిచేయదు" అంటారు, అక్కడే పాత మందుకు తిరిగిపోతారు. టోల్ఫెనమిక్ ఆమ్లం కూడా రాబందులకు సురక్షితమే. డోసు పశువైద్యుడే రాయాలి.

జవాబు 3: డైక్లోఫెనాక్‌తో చచ్చిన రాబందును కోస్తే కాలేయం, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. కిడ్నీలు చెడి పేరుకున్న యూరిక్ ఆమ్లం అది. సూది వేసిన రెండు మూడు రోజుల్లోనే పశువు చనిపోతే కళేబరాన్ని బయట పడేయకుండా పూడ్చేయండి. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి, సంఖ్య త్వరగా పెరగదు.