టెలిగ్రామ్ ఏపీఐ: అడ్మిన్లు పంపిన లాగిన్ కోడ్ వెంటనే చెల్లకుండా పోతోంది, సెషన్లు ఎలా పెట్టుకోవాలి?

డీఎస్సీ_నోట్స్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. డీఎస్సీ, గ్రూప్-2కి చదివేవాళ్ల కోసం మేం నలుగురం కలిసి టెలిగ్రామ్‌లో మూడు ప్రైవేట్ ఛానళ్లు నడుపుతున్నాం. పీడీఎఫ్‌లు, కరెంట్ అఫైర్స్, పాత ప్రశ్నపత్రాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి కానీ ఏది ఎక్కడుందో వెతకాలంటే పిల్లలకు చుక్కలు కనిపిస్తున్నాయి. అందుకే పోస్టులన్నీ ఒకచోటికి తెచ్చి సబ్జెక్టువారీగా వెతుక్కునేలా చిన్న వెబ్‌సైట్ కడుతున్నాను.

ముందు బాట్ (ప్రోగ్రామ్‌తో నడిచే టెలిగ్రామ్ అకౌంట్) పెట్టి చూశాను, అడ్మిన్‌ని చేసినా పాత పోస్టులు దానికి అందవు. దాంతో మై డాట్ టెలిగ్రామ్ డాట్ ఓఆర్‌జీలో ఏపీఐ (ప్రోగ్రామ్‌లు టెలిగ్రామ్‌తో మాట్లాడే దారి) వాడటానికి ఐడీ, హ్యాష్ అనే రహస్య అక్షరాలు తీసుకుని, టెలిథాన్ అనే పైథాన్ లైబ్రరీతో యూజర్ లాగిన్ రాశాను. నా నంబరుతో బాగానే నడిచింది. మిగతా ముగ్గురి దగ్గరే చిక్కు, ఒకరు కరీంనగర్, ఒకరు అనంతపురం, ఇంకొకరు మస్కట్. నేనిక్కడ వాళ్ల నంబరు కొడితే వాళ్లకు ఐదంకెల కోడ్ వస్తుంది, దాన్ని టెలిగ్రామ్‌లోనే నాకు పంపుతారు, వెంటనే ఎక్కించినా గడువు తీరిపోయిందనే ఎర్రర్. మళ్లీ మళ్లీ అడిగితే ఫ్లడ్ వెయిట్ అని ఇన్ని సెకన్లు ఆగమంటోంది.

ఇంకో సంగతి. నా సెషన్ ఫైలునే (లాగిన్‌ని గుర్తుంచుకునే ఫైలు) సర్వర్‌కు కాపీ చేసి ల్యాప్‌టాప్‌లో కూడా నడుపుతుంటే ఆథ్ కీ డూప్లికేటెడ్ అని వచ్చి రెండుచోట్లా లాగిన్ పోయింది. నలుగురి సెషన్లూ సర్వర్‌లో పెట్టుకునే సరైన పద్ధతి ఏంటో చెప్పండి, పరీక్షలు దగ్గరపడుతున్నాయని టెన్షన్‌గా ఉంది.

బ్యాకెండ్_అన్న

కోడ్ సంగతి ముందు చెప్తాను. మీ ప్రోగ్రామ్‌లో తప్పేం లేదు. లాగిన్ కోడ్‌ని టెలిగ్రామ్ చాట్‌లో ఇంకొకరికి పంపినా, ఫార్వర్డ్ చేసినా ఆ కోడ్‌ని అక్కడికక్కడే రద్దు చేస్తారు, దానికోసం ఏపీఐలో ప్రత్యేకంగా ఒక మెథడే ఉంది. మోసగాళ్లు మెసేజ్ పెట్టి కోడ్ అడిగి అకౌంట్లు కొట్టేయడాన్ని ఆపడానికి పెట్టింది అది. బయటినుంచి చూస్తే మీరు చేస్తున్నదీ ఆ మోసగాడు చేసేదీ ఒకేలా ఉంటాయి మరి.

కోడ్ అడిగినప్పుడు టెలిగ్రామ్ సర్వర్ ఫోన్ కోడ్ హ్యాష్ అనే ఒక గుర్తు కూడా ఇస్తుంది, సైన్ ఇన్ చేసేటప్పుడు నంబరు, కోడ్, ఆ హ్యాష్ మూడూ కలిపి పంపాలి. చాలామంది వెబ్ ఫారం రాసి, కోడ్ అడగడానికి ఒక క్లయింట్ (టెలిగ్రామ్‌తో ప్రోగ్రామ్ పెట్టుకునే కనెక్షన్), ఎక్కించడానికి ఇంకో క్లయింట్ తెరుస్తారు, అప్పుడూ గడువు తీరిందనో తప్పు కోడ్ అనో వస్తుంది, వాళ్లేమో ఎస్సెమ్మెస్ ఆలస్యమైందనుకుంటారు. రెండు మెట్లూ ఒకే క్లయింట్‌తో ఎక్కాలి.

టూ-స్టెప్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు కోడ్ సరిగ్గా ఇచ్చినా సెషన్ పాస్‌వర్డ్ నీడెడ్ అని 401 నంబరు ఎర్రర్ వస్తుంది. అది ఫెయిలవడం కాదు, తర్వాతి మెట్టు. పాస్‌వర్డ్ నేరుగా సర్వర్‌కు పోదు, ఎస్‌ఆర్‌పీ పద్ధతిలో లెక్క కట్టి, పాస్‌వర్డ్ తెలుసని రుజువు మాత్రమే పంపుతారు. ఆ లెక్క టెలిథాన్ చూసుకుంటుంది, మీరు రాయక్కర్లేదు.

కీ_కాపలా

పై జవాబు సరైనదే, కానీ నాకు అసలు ప్రశ్నే నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. నలుగురి సెషన్లు మీ సర్వర్‌లో ఎందుకు? టెలిథాన్ సెషన్ ఫైలు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలు, దానిలో ఆ అకౌంట్ ఆథరైజేషన్ కీ ఉంటుంది. అది చేతిలో ఉంటే కోడ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆ మనిషి ఇంట్లోవాళ్లతో మాట్లాడిన చాట్లు కూడా చదవొచ్చు, ఆ మనిషి పేరుతో మెసేజ్‌లూ పంపొచ్చు. ఇంటి తాళంచెవి ఇచ్చి హాల్లోనే తిరగమంటే కుదిరే పని కాదు. ఛానల్ వరకే చదివే హక్కు అని విడిగా ఇచ్చే ఏర్పాటు యూజర్ లాగిన్‌లో లేదు.

మాకు తెలిసినాయన ఒకాయన ఏదో ఆన్‌లైన్ టూల్‌కు సెషన్ స్ట్రింగ్ (అదే కీ అక్షరాల వరసగా) ఇచ్చాడు. తర్వాత స్క్రిప్ట్ తీసేశాను, ఫైలు డిలీట్ చేశాను, ఇక భయం లేదనుకున్నాడు. ఫైలు డిలీట్ చేస్తే మీ దగ్గర కాపీ పోతుందంతే, సర్వర్ దృష్టిలో ఆ లాగిన్ బతికే ఉంటుంది. ఏపీఐలో లాగవుట్ పిలవాలి, లేదా ఫోన్‌లో సెట్టింగ్స్‌లో డివైసెస్‌లోకి వెళ్లి ఆ సెషన్‌ని తీసేయాలి. ఒక మంచి సంగతేంటంటే కొత్తగా లాగిన్ అయిన సెషన్ 24 గంటల దాకా మిగతా సెషన్లను బయటికి నెట్టలేదు, కాబట్టి అసలు ఓనర్ వెంటనే చూసుకుంటే దొంగని తీసేసే సమయం ఉంటుంది. వాడని సెషన్ ఎన్నాళ్లకు దానంతటదే పోవాలో కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

మీ డూప్లికేట్ ఎర్రర్ కూడా ఇలాంటిదే. ఒకే కీ రెండు ఐపీల నుంచి ఒకేసారి వాడితే దొంగతనమేమో అని ఆ సెషన్‌ని కొట్టేస్తారు. ల్యాప్‌టాప్‌కి ఒక లాగిన్, సర్వర్‌కి ఇంకో లాగిన్ విడివిడిగా చేసుకోండి, ఫైలు కాపీ చేయొద్దు.

ఇంతకీ ఆ మూడు ఛానళ్లలో మీరు సభ్యులేనా? ఛానల్‌లో చేరినవాళ్లకు మొదటి పోస్టు నుంచి అన్నీ కనిపిస్తాయి, అడ్మిన్ కానక్కర్లేదు. మీ ఒక్క అకౌంట్ చాలు.

డీఎస్సీ_నోట్స్

చాలా థాంక్సండీ. మూడింటిలోనూ ఉన్నాను, ఒక్కో ఛానల్ ఒక్కొక్కరిది కాబట్టి ఎవరి లాగిన్ వాళ్లదే కావాలేమో అనుకున్నాను. ఇప్పుడే డివైసెస్ చూశాను, మొన్నటి ప్రయోగాల సెషన్లు అలాగే వరసగా ఉన్నాయి, అన్నీ తీసేశాను.

ఒక్కటి మిగిలింది. కరీంనగర్ అన్న దగ్గర ఛానల్ కంటే ముందునాటి డౌట్స్ గ్రూపు ఉంది. మ్యాథ్స్ మెథడాలజీ వివరణలు మంచివన్నీ దానిలోనే. నేను ఆలస్యంగా చేరాను, పాత మెసేజ్‌లు నాకు కనిపించవు. దీనికైనా ఆయన లాగిన్ కావాలా?

రాత్రి_డ్యూటీ

అక్కర్లేదు బ్రో. ఆయన కంప్యూటర్‌లో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ వేసుకోమనండి, గ్రూపు తెరిచి పైనున్న మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ నొక్కి, జేసన్ (ప్రోగ్రామ్ తేలిగ్గా చదవగలిగే ఫార్మాట్) ఎంచుకుంటే ఫైళ్లతో సహా ఫోల్డర్ వస్తుంది, అది మీకు పంపిస్తే సరి. డెస్క్‌టాప్‌లో అప్పుడే లాగిన్ అయి ఉంటే ఎక్స్‌పోర్ట్‌కి ఒకరోజు ఆగమనొచ్చు, అది కూడా భద్రత కోసమే, కంగారుపడొద్దని చెప్పండి. ఆ జేసన్‌లో సభ్యుల పేర్లు కూడా ఉంటాయి, సైట్‌లో పెట్టేముందు అవి తీసేయండి, డౌట్ అడిగిన పిల్లల పేర్లు అలా బయట పెట్టడం బాగోదు.

పాతది అలా వస్తుంది, ఇకమీద వచ్చేదానికి బాట్ చాలు. ఛానళ్లలో అడ్మిన్‌గా పెడితే ప్రతి కొత్త పోస్టూ దానికి వస్తుంది. మీ ప్రోగ్రామ్ ఆగిపోతే అందుకోని అప్‌డేట్లు 24 గంటల వరకే దాచి ఉంచుతారు, అది దాటితే పోయినట్టే, కాబట్టి సర్వర్ ఆగితే మీకు తెలిసే ఏర్పాటు పెట్టుకోండి. మామూలు బాట్ ఏపీఐతో 20 ఎంబీ దాటిన ఫైలు దిగదు, స్కాన్ చేసిన పుస్తకాలుంటే మీరే నడుపుకునే లోకల్ బాట్ ఏపీఐ సర్వర్ పెట్టుకోవాల్సి వస్తుంది. బాట్ టోకెన్ (బాట్‌ని నడిపే తాళంచెవి) ఎక్కడైనా బయటపడితే, బాట్‌లు తయారుచేసుకునే బాట్‌ఫాదర్‌లో రివోక్ కొట్టి కొత్తది తీసుకుంటే పాతది చచ్చిపోతుంది, ఎవరి సొంత అకౌంట్‌కీ దెబ్బ తగలదు. నా వరకైతే బాట్ వాడటానికి అదే పెద్ద కారణం.

బ్యాకెండ్_అన్న

సైట్‌లోకి పిల్లలు లాగిన్ అవ్వాలనుకుంటే వాళ్ల ఫోన్ నంబర్లు, కోడ్‌లు అడిగే ఫారం మాత్రం కట్టొద్దు. టెలిగ్రామ్ లాగిన్ విడ్జెట్ (టెలిగ్రామ్ అకౌంట్‌తోనే సైట్‌లోకి రానిచ్చే బటన్) ఉంది, బాట్‌ఫాదర్‌లో మీ డొమైన్ చెప్పి పెట్టుకోవచ్చు. వచ్చిన వివరాలతోపాటు ఒక హ్యాష్ వస్తుంది, బాట్ టోకెన్‌కి షా-256 (ఒక హ్యాష్ లెక్క) తీసి దాన్నే కీగా పెట్టి, ఆ వివరాలకు హెచ్‌మ్యాక్ (కీతో కట్టే సరిచూపు ముద్ర) లెక్కగట్టి ఆ వచ్చిన హ్యాష్‌తో పోల్చాలి. ఈ పోలిక మీ సర్వర్‌లో జరగాలి, బ్రౌజర్‌లో కాదు. ఆథ్ డేట్ (లాగిన్ అయిన సమయం) కూడా చూడండి, లేదంటే ఎప్పటిదో పాత లాగిన్ లింకు పట్టుకొచ్చి ఇంకెవరైనా లోపలికి వచ్చేస్తారు.