ఇంట్లో చేసిన వాయిద్యాలతో స్పేస్ మ్యూజిక్: ఇది సంగీతమేనా?

కాజీపేట సభ్యుడు: మొన్న ఒక మిత్రుడు ఇరవై నిమిషాల స్పేస్ మ్యూజిక్, అదే అంతరిక్షంలో తేలుతున్నట్టు అనిపించే సంగీతం, వినిపించాడు. రాగం లేదు, తాళం లేదు, ఒకటే హోరు. డబ్బాలు, వైర్లతో ఇంట్లో చేసిన వాయిద్యాలట. ఇంతకంటే మంచి సౌండ్లు ఫోన్ యాప్‌లోనే దొరుకుతాయి. పైగా గాలే లేని అంతరిక్షంలో శబ్దమెక్కడిది? నాకైతే విదేశీ మోజు అనిపించింది. మీరేమంటారు?

హనుమకొండ సభ్యుడు: నేను ఒప్పుకోనన్నా. కచేరీకి ముందు తంబూరా ఒక్కటే మోగుతున్నప్పుడు కళ్లు మూసుకుని వినండి. ఒకే శ్రుతిలో ఎన్ని స్వరాలు కదులుతాయో! ఇదీ అలా వినాల్సిందే. అంతరిక్షంలో శబ్దం లేదన్నది నిజమే, కానీ వాన పాట పాడేవాడు తడుస్తూనే పాడాలా?

విదేశీ మోజు అన్నారు. 1969లోనే అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్‌ఐడీకి మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) వచ్చింది, అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దగ్గరుండి స్టూడియో ఏర్పాటు చేశారు. జిన్‌రాజ్ జోషీపురా ‘స్పేస్ లైనర్ 2001’ అనే సంగీతం చేసింది అక్కడే.

ఇక యాప్ సంగతి. 40106 అనే చిప్‌లో ఆరు ఇన్వర్టర్లు, అంటే సిగ్నల్‌ను తిప్పేసే చిన్న సర్క్యూట్లు, ఉంటాయి. ఒక్కోదానికి కరెంటును అడ్డుకునే ఒక రెసిస్టర్, దాన్ని దాచే ఒక కెపాసిటర్ తగిలిస్తే ఆరు స్వరాలు. రెసిస్టర్ బదులు వెలుతురును బట్టి మారే రెసిస్టర్, ఎల్‌డీఆర్, పెడితే అరచేతి నీడకే స్వరం కిందికి జారుతుంది. స్టీలు డబ్బాకు తలుపు స్ప్రింగు బిగించి, అడుగున కంపనాన్ని కరెంటుగా మార్చే పీజో బిళ్ల అంటించి గీకితే గుహలో ఉరిమినట్టుంటుంది. మే నెలలో మన ఎండకు శ్రుతి నిలవదు. మొదట్లో టెన్షన్ పడ్డాను. తర్వాత చెవి పెట్టి విన్నాను: ఒక స్వరం సెకనుకు 200 సార్లు, ఇంకోటి 201 సార్లు కంపిస్తే శబ్దం సెకనుకోసారి అలలా లేచి పడుతుంది. నా సంగీతమంతా ఆ అలలోనే ఉంది. యాప్‌లో శ్రుతి కదలదు, కదిలించాలంటే నేనే చెప్పాలి. ఈ డబ్బా తనే కదులుతుంది, నేను దాని వెంట పోతాను.

ఆదిలాబాద్ సభ్యురాలు: ఇంట్లో చేయడంలో వింతేం లేదు తమ్ముడూ, మా దిక్కు ప్రధాన్ తెగవాళ్ల తీగవాయిద్యం కిక్రీ ఏ షాపులో దొరుకుతుంది? కానీ కిక్రీ వెనక గోండుల కథలున్నాయి, కూర్చుని వినే ఊరుంది. నీ డబ్బా ఎవరి కోసం మోగుతుంది?

హనుమకొండ సభ్యుడు: అక్కా, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇన్నాళ్లూ గదిలో ఒక్కడినే వాయించాను, అది తప్పే. తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు కాబట్టి ఈ ఆదివారం పొద్దుగూకే వేళ భద్రకాళి చెరువు గట్టు మీద వాయిస్తాను. కాజీపేట అన్న కూడా రావాలి. చివరిదాకా విని, బాగాలేదంటే అక్కడే చెప్పండి.