అప్‌డేట్: ఇస్తాంబుల్ ఇహ్లామూర్ కస్రీ – మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లివచ్చాము

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు ఇస్తాంబుల్‌లో ఒకప్పటి సుల్తానుల విడిది అయిన ఇహ్లామూర్ కస్రీ ఉద్యానం చూడగలరా, ఏ వైపు నుంచి వెళ్లడం మేలు అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనికొచ్చిన సలహా తీరాన ఉన్న బెషిక్తాష్ పేట వైపు నుంచి వెళ్లమన్నదే. ఎగువనున్న నిషాన్‌తాషీ పేట నుంచి దిగే వీధులు నిటారుగా ఉంటాయి కాబట్టి, ఫెర్రీ రేవు దగ్గర టాక్సీ ఎక్కి ఇహ్లామూర్‌దెరె వీధి మీదుగా ఉద్యానం ఉన్న లోయలోకి వెళ్లాము. ట్రాఫిక్ మాత్రం తప్పలేదు. సోమవారం మూసి ఉంటుందన్న హెచ్చరిక కూడా అక్కరకొచ్చింది. ముందే టికెట్ తీసుకోవాలా అన్న నా బెంగ అనవసరమని తేలింది. గేటు దగ్గరే దొరికింది.

ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్ మెజిద్ కోసం వాస్తుశిల్పి నిగోగోస్ బల్యాన్ 19వ శతాబ్దం మధ్యలో కట్టిన రెండు భవనాలలో, లాంఛనాలకు ఉద్దేశించిన ‘మెరాసిమ్ కోష్కు’ (కోష్కు అంటే విడిది భవనం) ముందు రెండు పాయలుగా వంపు తిరిగి పైకి వెళ్లే రాతి మెట్లున్నాయి. అమ్మగారికి కష్టమైనది అక్కడ మాత్రమే. కమ్మీ పట్టుకుని, మధ్యలో ఆగుతూ ఎక్కారు. ముఖద్వారం చుట్టూ చెక్కిన పూలను తీరిగ్గా చూడడానికి ఆ ఆగడమే మంచి సాకైంది. పరివారానికి కట్టిన మాయియెత్ కోష్కు సాదాగా ఉంటుంది. మోకాళ్ల ఇబ్బంది ఉన్నవారు భవనాల లోపలికి వెళ్లకపోయినా, చెట్ల నీడలో కొలను పక్కన కూర్చుంటే చాలునని నా అభిప్రాయం. ఇహ్లామూర్ (లిండెన్) చెట్ల పూల వాసన కోసమైతే జూన్‌లో వెళ్లండి.